ప్లంబర్ పద్మనాభ

ఫిబ్రవరి 22, 2023, బుధవారం

ఇవాళ భస్మ బుధవారం. ఈస్టరు దాకా ఉపవాసాలుండే శ్రమల కాలం మొదలైంది.

పొద్దున బండెక్కినప్పటి నుంచి బెంగళూరులో దిగేదాకా నీళ్ళు ముట్టకపోవడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. బండిలో మరుగుదొడ్డి లేదని కాదు. ఉంది. కానీ జనాన్ని తోసుకుంటూ దాని దాకా చేరాలంటే మా కోలారు బంగారు గనుల స్టేషన్ మారికుప్పంలో బయలుదేరిన మనిషి కంటోన్మెంటులో తలుపు తట్టాలి. అప్పటికి దిగాల్సిన స్టేషన్ వచ్చేస్తుంది.

నింపి తీసుకుపోయిన సీసా నిండుగానే తిరిగి వస్తోందని అత్తమ్మ కనిపెట్టింది. "ఏమ్మా జూలీ, మనింటి నీళ్ళు నీకు చేదైనాయా?" అని అడిగింది. "శ్రమల కాలం కదత్తా, పొద్దు మునిగేదాకా నీళ్ళు కూడా తాగకూడదని అనుకున్నా" అనేశాను. అత్తమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ప్రార్థన పొడుగైంది. నాకేమో మళ్ళీ పోవాల్సి వచ్చింది.

మంట సంగతి ఇక్కడ రాయను. పెద్దదేమీ కాదు.

ఫిబ్రవరి 24, శుక్రవారం

ఇవాళ మంట లేదు. పొద్దునా సాయంత్రమూ తప్ప.

ఫిబ్రవరి 26, ఆదివారం

మా సంఘంలో వాక్యం అయిన తర్వాత పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడుగుతారు. అందరికంటే ముందు లేచేది మా అత్తమ్మ హన్నమ్మ. ఎవరి ఒంట్లో ఎక్కడ బాగాలేదో ఆమె చెబితేనే దేవుడికి తెలుస్తుందని ఆమె నమ్మకం. పోయినేడు మా ఆయన లియోకు మొలలు వచ్చినప్పుడు ఆ సంగతి ఆమె నిండు సంఘంలో చెప్పింది. రాబర్ట్‌సన్‌పేట ఆటో స్టాండులో లియోను ఇప్పటికీ "మెల్లగా కూచో అప్పా" అనే పలకరిస్తారు.

ఇవాళ అత్తమ్మ నా గురించి లేచింది. నా సంగతి తెలిసిపోయిందనుకున్నాను. తీరా చూస్తే నా ఉపవాసానికి స్తోత్రం చెల్లించింది. "మా కోడలు దినమంతా చుక్క నీళ్ళు ముట్టకుండా బెంగళూరికి పోయి పని చేసి వస్తా ఉండాది" అంది. అందరూ నా వైపు తిరిగారు. తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

అందుకే ఇంట్లో చెప్పలేను. పేటలో డాక్టరమ్మ ఉంది, మంచిదే. కానీ అక్కడ కూర్చుని పేరు, జబ్బు గట్టిగా అడిగి చీటీ రాసేది మా వెనక లైన్ ఇళ్ళలో ఉండే దొడ్డమ్మ. దొడ్డమ్మకు చెప్పడమూ, గుడి గంట కొట్టడమూ ఒకటే.

ఫిబ్రవరి 28, మంగళవారం

మార్గం దొరికింది. ఫోన్‌లోనే డాక్టరట. ఎక్కడికీ పోనక్కర్లేదు, ఎవరికీ తెలియదు. మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి తన చర్మం సంగతి అలాగే చూపించుకుందట.

ఆఫీసంటే, తాగునీళ్ళ క్యాన్లు ఇంటింటికీ పంపే కంపెనీ. నేను ఆర్డర్లు తీసుకునే ఫోన్ దగ్గర కూర్చుంటాను. కేజీఎఫ్ వాళ్ళకు నాలుగు భాషలు వస్తాయని తీసుకున్నారు. ప్రతి ఫోన్ చివరా "నీళ్ళు ఎక్కువ తాగండి, ఆరోగ్యంగా ఉండండి" అని చెప్పాలి. ఆ నాలుగు భాషల్లోనూ చెబుతాను. చెప్పేటప్పుడు నాలుక ఎండిపోయి ఉంటుంది.

భోజనాల వేళ యాప్ దించుకుని భాష తెలుగు అని నొక్కాను. డాక్టరు కంటే ముందు అదే ప్రశ్నలు అడుగుతుంది.

"మీరు రోజుకు ఎన్నిసార్లు నీటిని దాటుతారు?" అని వచ్చింది. కోలారు జిల్లాలో దాటడానికి నీళ్ళెక్కడున్నాయి? వానాకాలంలో చెరువు కట్ట మీద నుంచి ఒకసారి దాటిన గుర్తు. "అరుదుగా" అని నొక్కాను. ఇంగ్లీషు పాస్ వాటర్‌ను, అంటే మూత్రం సంగతిని, అలా తెలుగు చేశారని నొక్కిన తర్వాత తట్టింది.

"మీరు లైంగికంగా చురుకుగా ఉన్నారా?" అన్నది తర్వాత. తెల్లవారకముందే లేచి, కొళాయి దగ్గర బిందెలు పట్టి, వంట చేసి, బండి అందుకునే మనిషిని. మొదటి మాట చూడకుండా "అవును" అని నొక్కి, చూసుకున్న తర్వాత చెరపడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

"మీ నొప్పికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అంటే ఐదూ ఇచ్చాను. "ధన్యవాదాలు! దీనిని మీ స్నేహితులకు సిఫార్సు చేస్తారా?" అని అడిగింది.

లేడీ డాక్టరు కావాలని నొక్కాను. డాక్టర్ పద్మనాభ అని వచ్చింది. మార్చుకోవడానికి చూస్తే వారం తర్వాత గాని ఎవరూ లేరు. ఈయన రేపు పొద్దునే మాట్లాడతాడు. పొద్దునంటే నేను బండిలో ఉంటాను. ఫర్వాలేదు, మెల్లగా మాట్లాడతాను.

మార్చి 1, బుధవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ దగ్గర చోటు దొరికింది. ఎదురుగా విశాలమ్మ. పేటలో వాళ్ళది బట్టలంగడి, సరుకు కోసం వారానికి రెండుసార్లు బెంగళూరు పోతుంది. నా పక్కన వర్ష, వైట్‌ఫీల్డులో ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు, చెవుల్లో ఎప్పుడూ పాటలు. మిగిలిన పెట్టె నిండా నిలబడ్డ ఆడవాళ్ళు, ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో.

టేకల్ దాటుతుండగా ఫోన్ మోగింది. వీడియో వద్దని నొక్కి, చెవికి ఆనించుకున్నాను.

"నమస్తే అమ్మా, డాక్టర్ పద్మనాభ. చెప్పండి, ఏం తొందర?"

మా వైపు కష్టాన్ని కన్నడంలో లాగా తొందర అంటారు. ఆ మాట వినగానే మనిషి ముళబాగిలు వైపువాడని తెలిసిపోయింది. నా కష్టం కూడా సరిగ్గా తొందరే కాబట్టి జవాబు సులువు కావాల్సింది. కానీ విశాలమ్మ నా నోటి వైపే చూస్తోంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"సార్, కొళాయి రిపేరు."

"ఏం అమ్మా?"

"కొళాయి సార్. మాటిమాటికీ తిప్పాల్సి వస్తా ఉండాది. తిప్పితే రెండు చుక్కలు. అవి కూడా కాలతా ఉండాయి."

"అమ్మా, మీరు ఎవురికో చేయబోయి నాకు..."

"లేదు సార్, మీకే. కొళాయి నాదే."

ఆయన గొంతు తగ్గించాడు. "బండిలో ఉండారా అమ్మా?"

"అవును సార్."

"పక్కన జనం?"

"ఊపిరాడనంత."

"సరే. నేను ప్లంబరునే అనుకోండి. నీళ్ళ రంగెట్ల ఉండాది? ఎర్రగా ఏమన్నా?"

"ఎర్రగా లేదు సార్. బురద మాదిరి."

"వెనక గోడకి నొప్పి? ఇల్లంతా చలి, వేడి?"

"లేదు సార్. గోడ బాగానే ఉండాది."

"ఇంట్లోకి కొత్త మనిషి వచ్చే సూచన ఏమన్నా ఉండాదా?"

"లేదు సార్. ఉండేవాళ్ళకే చోటు లేదు."

"ఏదన్నా మందు ముందెప్పుడైనా పడలేదా? షుగర్?"

"ఏమీ లేదు."

"ట్యాంకులోకి నీళ్ళు బాగా పోస్తా ఉండారా?"

"పోస్తా ఉండాను సార్" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. నమ్మినట్టు లేదు.

చివరికి ఇలా చెప్పాడు: ముందు నీళ్ళ శాంపిలు ల్యాబులో ఇయ్యాలి, ఆపైన మాత్రలు మొదలుపెట్టాలి, బాగైనట్టు ఉన్నా సరే అన్నీ అయ్యేదాకా వేసుకోవాలి, వేరేవాళ్ళకు ఇయ్యకూడదు. చలి జ్వరం వస్తే ఫోన్ కాదు, నేరుగా ఆస్పత్రి. చీటీ ఫోన్‌కే వస్తుంది. ఏ అనుమానం వచ్చినా పిలవండని తన నంబరు కూడా చెప్పాడు.

"మాత్రలన్నీ వేసుకుంటా సార్" అని ఫోన్ పెట్టేశాను. విశాలమ్మ తాంబూలం నమలడం ఆపింది.

"నేనూ ఎన్నో కొళాయిలు బాగు చేయించినా జూలీ" అంది. "కొళాయికి మాత్రలిచ్చే ప్లంబర్ని ఈ పొద్దే చూస్తా ఉండా."

నేను కిటికీ బయట చూశాను. పొలాలు, పాలిహౌస్‌లు, ఇంగ పొలాలు. విశాలమ్మ ముందుకు వంగి, చెవి దగ్గర అంది: "ఆ నంబరు నాకూ ఇయ్యమ్మా. మా ఇంట్లో కూడా కొళాయి సరిగ్గా లేదు."

వర్ష చెవుల్లోంచి వైర్లు తీసింది. పాటలేవీ మోగడం లేదని అప్పుడు తెలిసింది. "అక్కా, నాకూ" అంది.

ఇద్దరికీ ఇచ్చాను. పాపం, వాళ్ళ ఇళ్ళలో నిజంగానే కొళాయిలు పాడై ఉంటాయి. నా సంగతి ఎవరికీ అనుమానం రాలేదు.

మార్చి 2, గురువారం

ల్యాబు దాకా పోయాను. ల్యాబు నడిపేది అమృతరాజు. ఆదివారం మా సంఘంలో కానుకల పళ్ళెం పట్టుకుని వరస వరసకూ వచ్చే మనిషి. ఆ చేతికి నేను ఆ సీసా ఎలా ఇయ్యను? మళ్ళీ ఆదివారం ఆ చెయ్యి చాపిన పళ్ళెంలో కానుక ఎలా వెయ్యను?

"ఏం అక్కా, ఇట్ల వచ్చినారు?" అన్నాడు. "ఊరికే, పలకరిస్తామని" అన్నాను. చాలా సంతోషించాడు. టీ తెప్పించాడు. తాగలేదు, శ్రమల కాలం కదా అన్నాను.

మాత్రలు మాత్రం బెంగళూరులో కొని మొదలుపెట్టాను. జబ్బేదో తెలిసినప్పుడు ల్యాబు దేనికి?

మార్చి 5, ఆదివారం

మంట లేదు. నిజంగా లేదు. ఫోన్‌లో వైద్యం గొప్పది. ఇంత సులువుగా పోయేదానికి ఇన్నాళ్ళు భయపడ్డాను.

మార్చి 6, సోమవారం

బాగైపోయిన తర్వాత మందు మింగడం ఒంటికి మంచిది కాదు. మిగిలినవి పారెయ్యడమూ పాపం. వర్షది కూడా నాలాంటి కొళాయేనట, కానీ ఆ నంబరుకు ఫోన్ చెయ్యడానికి సిగ్గుపడుతోంది. అందుకని మిగిలిన మాత్రలు ఆమెకిచ్చాను. శ్రమల కాలంలో దానధర్మాలు చెయ్యమనే కదా చెబుతారు.

మార్చి 8, బుధవారం

వర్ష బండిలో కనబడలేదు.

మార్చి 9, గురువారం

వర్షకు ముఖమంతా వాచి, ఊపిరి ఆడక, మంగళవారం మాలూరులో ఆస్పత్రికి తీసుకుపోయారట. ఇప్పుడు బాగుందట. రొయ్యలు తిన్నానని వాళ్ళమ్మకు చెప్పిందట. విశాలమ్మ నాకు ఇదంతా చెప్పి, "రొయ్యలు యాడ తినింది ఆ పిల్ల, వాళ్ళింట్లో గుడ్డు కూడా వండరు" అంది. అని నా ముఖం చూసింది.

ఆఫీసుల్లో పార్టీలుంటాయి. అక్కడ తిని ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి లియో నా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు నంబరును ప్లంబర్ పద్మనాభ అని పెట్టుకున్నాను. మందు పని చేసిందా అని అడగడానికి కాబోలు, ఆయనే రెండుసార్లు చేశాడు. నేను ఎత్తలేదు.

"ఎవురు ఈ పద్మనాభ?" అన్నాడు లియో.

"ప్లంబరు."

"మనింట్లో కొళాయి లేదు. వీధి కొళాయే మనకు గతి. ప్లంబరుతో నీకేం పని?"

"వేయించుకుందామని విచారిస్తా ఉండా."

లియో ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఆయప్ప గొంతు బాగుంటాదా?" అని అడిగి ఆటో తుడవడానికి పోయాడు. నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

మార్చి 14, మంగళవారం

మళ్ళీ వచ్చింది. మునుపటికంటే ఎక్కువ. అయినా ఎక్కువ అని రాయను, ఎండలు కదా. ఒంట్లో వేడి. రాత్రి బొడ్డుకు ఆముదం రాసుకున్నాను.

డాక్టరుకు చెయ్యలేను. ల్యాబు రిపోర్టు అడుగుతాడు. మాత్రలు అన్నీ వేసుకున్నారా అంటాడు. వర్ష ఇంకా రావడం లేదు.

మార్చి 18, శనివారం

స్త్రీల సమాజంలో నేను సాక్ష్యం చెప్పాలని అత్తమ్మ ముందే మాటిచ్చేసింది. అంశం: ఆశానిగ్రహము.

పోడియం దగ్గర నిలబడ్డప్పుడే తెలిసింది, తప్పు చేశానని. బయలుదేరే ముందు పోయొచ్చాను. అయినా చాలలేదు. ముందు వరసలో అత్తమ్మ, పక్కన అయ్యగారి భార్య పాస్టరమ్మ, ఆ వెనక దొడ్డమ్మ. "శరీరం అడిగినదల్లా ఇయ్యకూడదు" అని మొదలుపెట్టాను. శరీరం ఆ క్షణమే అడిగింది. కాళ్ళు మెలివేసుకున్నాను. "దాన్ని అణచాలి" అన్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సభలో "ఆమెన్" అన్నారు. "ఎంత కష్టమైనా... ఎంత మంటైనా..." అన్నాను. పోడియం రెండు చేతులతో పట్టుకుని వణుకుతూ నిలబడ్డాను. ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు. అత్తమ్మ చేతులు పైకెత్తింది.

ఇంగ ఆగలేక మధ్యలోనే బయటికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అందరూ లేచి నిలబడి పాట పాడుతున్నారు. ఆత్మ ఇంత బలంగా కదిలించిన సాక్ష్యం ఈ సంఘంలో వినలేదని పాస్టరమ్మ నా చేతులు పట్టుకుంది. వచ్చే నెల బంగారుపేట సంఘంలో కూడా చెప్పాలట.

మార్చి 21, మంగళవారం

నడుము పట్టేసింది. కిటికీ పక్కన గాలికి కూర్చుంటాను కదా.

మార్చి 23, గురువారం

గాలికే.

మార్చి 28, మంగళవారం

కోలారు ఆస్పత్రిలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. చేతికి సూది ఉంది. అక్షరాలు వంకర పోతున్నాయి.

శుక్రవారం బండిలో చలి మొదలైంది. పెట్టెలో అందరికీ చెమటలు, నాకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. విశాలమ్మ నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. ఆ రోజు వర్ష కూడా వచ్చింది, ముఖం ఇంకా కొంచెం ఉబ్బి ఉంది. నా సంచిలోంచి ఫోన్ తీసి, నన్ను అడగకుండానే ప్లంబరుకు కలిపింది.

"సార్" అన్నాను. "వెనక గోడ పడిపోయేటట్టుంది."

"చలి జ్వరమా?"

"అవును సార్."

"ల్యాబులో ఏమొచ్చింది?"

"ఇయ్యలేదు సార్."

"మాత్రలు?"

వర్ష నా వైపు చూస్తోంది. "సగం వేసుకున్నా. సగం వేరేవాళ్ళకు ఇచ్చినా. ఆ పిల్లకు పడక ప్రాణం మీదికి వచ్చింది" అన్నాను. అప్పటిదాకా ఈ మాట ఎక్కడా, ఇక్కడ కూడా, అనలేదు.

ఆయన కేకలేస్తాడనుకున్నాను. "అమ్మా, ఇంగ నేను ప్లంబర్ని కాదు" అన్నాడు. "ఇది కిడ్నీ దాకా పోయుండాది. ఫోన్‌లో నేను మందియ్యను. వచ్చే స్టేషన్‌లో దిగండి. ఆస్పత్రికి పొండి. సాయంత్రం పోతాను, రేపు పోతాను అనొద్దు."

"ఆఫీసు ఉండాది సార్, నీళ్ళ క్యాన్ల ఆర్డర్లు తీసుకోవల్ల."

"ఆ నీళ్ళ క్యాన్లు రేపు కూడా ఉంటాయి. మీరు ఉండల్ల కదా."

నేను లేవలేదు. లేచింది విశాలమ్మ. నిలబడ్డ జనాన్ని రెండు చేతులా తోస్తూ, ఆ పెట్టెకంతా వినబడేటట్టు అరిచింది: "దారియ్యండి! ఈయమ్మకి ఒంటేలు జబ్బు ముదిరి జ్వరమొచ్చింది! దారియ్యండి!"

ఇన్నేళ్ళుగా ఎవరూ ఎవరికీ దారియ్యని ఆ పెట్టెలో సముద్రం చీలినట్టు దారి ఏర్పడింది. టేకల్లో దిగాం. విశాలమ్మ సరుకు వదిలేసింది, వర్ష ఆఫీసు వదిలేసింది. ఆటోలో కోలారు దాకా వర్ష భుజం మీదే తల పెట్టుకున్నాను. "నన్ను తిట్టు" అన్నాను. "జ్వరం తగ్గినాక తిడతా అక్కా" అంది.

నిన్న తిట్టింది. బాగా తిట్టింది. తిట్టి, బత్తాయిలు ఒలిచి పెట్టింది.

మార్చి 29, బుధవారం

లియో మొదటి రోజే వచ్చి పద్మనాభ ఎవరో విశాలమ్మ నోట విని, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట. సంతోషానికో దేనికో. అత్తమ్మను ఇవాళ తీసుకొచ్చాడు.

నర్సు ఆమె ముందే అడిగింది, ఒంటికి పోతే మంట తగ్గిందా అని. తగ్గిందన్నాను. నర్సు వెళ్ళిపోయిన తర్వాత అత్తమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. సంచిలోంచి ప్రార్థన నూనె తియ్యలేదు.

"దీనికా నిన్ను ఈడ పెట్టుకునుండేది?" అంది.

"అవునత్తా."

"ఇది జబ్బా?"

"జబ్బే అత్తా."

"నాకు తెలీదు" అంది. "మీ మామ గనిలోకి దిగతా ఉన్న కాలం నుంచి నాకు ఉండాది. లైన్‌కంతా కలిపి అవే దొడ్లు. చీకటి పడితే గాని ఆడవాళ్ళు పోయేదానికి లేదు. పగలంతా బిగబట్టుకుని ఉంటిమి. మంటగా ఉంటే, ఆడదానికి ఇట్లనే ఉంటాది కాబోలు అనుకున్నా. ఎవుర్నీ అడగలా."

ఊళ్ళో అందరి జబ్బులూ దేవుడికి చెప్పిన మనిషి. తనది చెప్పలేదు. దాచి కాదు. జబ్బని తెలియక.

ఆమే మళ్ళీ అడిగింది. "నువ్వు నీళ్ళు తాగకుండా ఉండింది దేవుడి కోసం కాదా?"

"కాదత్తా. రైలు కోసం."

కోప్పడుతుందనుకున్నాను. గ్లాసులో నీళ్ళు పోసి నా నోటి దగ్గర పెట్టి, మొత్తం తాగేదాకా చెయ్యి తియ్యలేదు.

ఏప్రిల్ 2, ఆదివారం

ఇంటికొచ్చాను. ఇవాళ మట్టల ఆదివారం, నేను గుడికి పోలేదు. అత్తమ్మ కూడా పోలేదు.

డాక్టర్ పద్మనాభకు వీడియో కలిపి అత్తమ్మకు ఇచ్చాను. మొదటిసారి ఆయన ముఖం చూశాను, నెరిసిన మీసం, మెడలో మఫ్లరు, ఈ ఎండల్లో. తలుపు వేస్తానంటే అత్తమ్మ వద్దంది. గాలి రాదట. ఫోన్‌లో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"ఎన్నాళ్ళుగా ఉండాదమ్మా?" అన్నాడాయన.

"గనులు మూసేదానికి ముందు నుంచి అప్పా."

గనులు మూసి ఇరవై రెండేళ్ళు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళ జబ్బును ఫోన్‌లో చూసి మందు రాయనన్నాడు. షుగర్, ఒంటేలు రెండూ పరీక్ష చేయించి, డాక్టరమ్మకు ఒకసారి చూపించుకుని, ఆ కాగితాలు తనకు చూపించమన్నాడు.

ఏప్రిల్ 3, సోమవారం

అత్తమ్మ ల్యాబుకు పోయింది. సీసా సంచిలో పెట్టుకోమని లియో చెప్పినా వినలేదు. చేత్తోనే పట్టుకుని బజారు గుండా నడిచిపోయి, "ఒరే అమృతరాజూ, ఇదో, బాగా చూడు, నాది" అని ఇచ్చిందట. అక్కణ్ణించి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి. దొడ్డమ్మ జబ్బేమని గట్టిగా అడిగితే ఈమె అంతకంటే గట్టిగా చెప్పిందట.

ఏప్రిల్ 9, ఆదివారం

ఈస్టరు. గుడి కిటకిటలాడింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలందరూ కొత్త బట్టల్లో వచ్చారు.

ప్రార్థన మనవులు అడగగానే అత్తమ్మ లేచింది. నేను చీర కొంగు పట్టి లాగాను. విడిపించుకుంది.

"అయ్యగారూ, నాకు ఒంటేలుకు పోతే మంట" అంది. "గనులు మూయకముందు నుంచి ఉండాది. అది జబ్బని మా కోడలికి వచ్చినాకనే నాకు తెలిసింది. మా కోడలు నీళ్ళు తాగకుండా ఉండింది ఉపాసం కాదు, రైల్లో పోయేదానికి వీలు లేక. నేను తెలీక మీ అందరి ముందరా పొగిడినా. ఆ పిల్ల చావు దాకా పోయొచ్చింది. మా ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యండి."

మగవాళ్ళ వైపు ఒక్కసారిగా పాటల పుస్తకాలు తెరుచుకున్నాయి. అమృతరాజు కానుకల పళ్ళెంలోకి చూస్తున్నాడు. లియో మాత్రం తలెత్తుకునే ఉన్నాడు. నాకు నేలలోకి పోవాలనిపించింది, మూసేసిన గనుల లోతుకైనా సరే.

అయ్యగారు ప్రతివారం అనే మాటే అలవాటు కొద్దీ అనేశారు. "ఇదే మనవి కలిగినవారు ఇంకెవరైనా ఉంటే చేతులెత్తండి."

అన్న తర్వాత గాని ఏమన్నారో ఆయనకు తెలియలేదు.

ఆడవాళ్ళ వైపు మొదట ఎవరూ కదలలేదు. అప్పుడు దొడ్డమ్మ చెయ్యి లేచింది. ఆ వెనక, టీచరు ఉద్యోగం చేసే ఏంజెలిన్ చెయ్యి. బట్టల ఫ్యాక్టరీకి పోయే పిల్లలవి, ఒక వరసంతా. గాజుల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. అందరికంటే చివర, ముందు వరసలో, పాస్టరమ్మ మెల్లగా చెయ్యెత్తింది. మొగుడి వైపు చూడకుండా ఎత్తింది.

అయ్యగారు ఆ చెయ్యి వైపు చాలాసేపు చూశారు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఎప్పుడూ ఆగకుండా చేసే మనిషి, "ప్రభువా, మాకు తెలియలేదు" అన్నంతవరకే వచ్చి ఆగిపోయారు. మిగతాది పాస్టరమ్మ చేసింది.

ఏప్రిల్ 10, సోమవారం

మళ్ళీ ఉద్యోగానికి పోయాను. ఇంటి నుంచి బయలుదేరే ముందు నీళ్ళు తాగాను, బండిలో కూడా తాగాను. మాలూరులో దిగిపోయాను. విశాలమ్మా వర్షా కూడా దిగారు. పని ముగించుకుని, టీ తాగి, తర్వాతి బండెక్కాం.

ఆఫీసుకు బాగా ఆలస్యమైంది. మేనేజరు అందరి ముందూ నిలబెట్టి, "కారణం చెప్పి తీరాలి" అన్నాడు.

వివరంగా చెప్పాను. మళ్ళీ అడగడు.